పేరు కొడితే ఏమొస్తోంది?

"ఒరే, నా పేరు కొడితే పేకాట వస్తోందంటరా!"

ఫోనెత్తగానే మా మేనత్త అన్న మాట ఇది. ఎలా ఉన్నావు, తిన్నావా... ఏమీ లేవు. అత్తయ్య కాకినాడలో వీణ నేర్పుతుంది. ముప్ఫయ్యేళ్ల పైమాటే. టెక్సస్‌లో ఉంటున్న ఒకావిడ కూతురికి ఆన్‌లైన్లో వీణ నేర్పించే గురువు కోసం వెతుకుతుంటే, చుట్టాలెవరో అత్తయ్య పేరు చెప్పి పాత కరపత్రం ఫొటో పంపారట. కరపత్రం మీదున్న వెబ్‌సైటు తెరిస్తే, సరస్వతీదేవి ఉండాల్సిన చోట రమ్మీ ముక్కలు. 'ఇప్పుడే చేరండి, బోనస్ పొందండి' అని మెరిసిపోయే బొత్తాం.

"వీణ పేరు చెప్పి క్లబ్బు నడుపుతున్నాననుకుంటే?" అంది అత్తయ్య. నవ్వొచ్చింది గానీ, ఆ గొంతు విన్నాక నవ్వలేదు.

జరిగింది ఇది. ఆరేళ్ల కిందట ఊళ్లో ఒకతను డబ్బు తీసుకుని సైటు కట్టిచ్చాడు. డొమైన్, అంటే సైటు పేరు, తన ఈమెయిలుతో తన పేరు మీదే కొన్నాడు. మోసం చేద్దామని కాదు, అతనికి అదే సులువు. తర్వాత షాపు ఎత్తేసి వేరే పనిలోకి వెళ్లిపోయాడు. ఏటా కట్టాల్సిన రుసుము కట్టాలని అత్తయ్యకి తెలీదు, అతనికి గుర్తులేదు. గడువు దాటిన పేర్ల కోసం కాచుక్కూచునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. పాత లింకులు పట్టుకుని వచ్చే నలుగురి కళ్లకోసం ఆ పేరు కొనేసి ప్రకటనలు వేలాడదీస్తారు.

నేను సైట్లు కట్టి బతికేవాణ్ణి కాను. పత్రికాఫీసులో ఇరవై ఏళ్లు పేజీలు పెట్టినవాణ్ణి. ఏ వార్త పైన, ఏ ఫొటో కింద, ఏది లోపలి పేజీకి అన్న తగువులోనే జుట్టు నెరిసింది. "నువ్వే చూసిపెట్టరా" అంటే కాదనలేక దిగాను. దిగాక తెలిసింది, ఇది కూడా ఆ తగువేనని.

ఫోన్ నంబరెక్కడ?

పాత సైటు ఎలా ఉండేదో చూడాలంటే ఒక దారి ఉంది. బ్రూస్టర్ కాల్ 1996లో మొదలెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్ ప్రపంచంలోని వెబ్ పేజీలకి ఎప్పటికప్పుడు నకళ్లు తీసి దాస్తూ ఉంటుంది. 'వేబ్యాక్ మెషీన్' అనే ఆ కొట్టుగదిని 2001లో జనం కోసం తెరిచారు. పాత చిరునామా కొడితే అత్తయ్య సైటు దుమ్ము దులుపుకుని లేచింది.

ముందు ఒక తెర. దాని మీద తామరపువ్వు నెమ్మదిగా విచ్చుకుంటుంది. అది విచ్చుకునేదాకా మనం ఊరికే కూచోవాలి. తర్వాత అడక్కుండానే పాట మొదలు. తొమ్మిది ఫొటోలు ఒకదాని వెనక ఒకటి దొర్లుతుంటాయి, అన్నిట్లోనూ శాలువాలే. కింద ఇంగ్లిషులో స్వాగతం, ఆపైన సంగీతం గొప్పదనం మీద ఒక పేరా. ఆ పేరాలో అత్తయ్య పేరు తీసేసి మృదంగం మాస్టారి పేరు పెట్టినా అతికినట్టు సరిపోతుంది.

సెలవులకి వెళ్లినప్పుడు ఆవిడ చేతికే ఫోనిచ్చాను. "అత్తా, నేను పిల్లని చేర్పించాలనుకుంటున్నా. ఏం చెయ్యాలో ఇందులో చూపించు."

"ఫోన్ చేస్తే చెప్తాగా."

"నంబరెక్కడ?"

కళ్లద్దాలు పైకి తోసుకుని వెతికింది. పైకి జరిపింది, కిందికి జరిపింది. రెండు నిమిషాలు పట్టింది. కరపత్రాన్ని ఫొటో తీసి అడుగున అంటించారు. నంబరు అందులో ఓ మూల ఉంది. వేలితో నొక్కింది. బొమ్మ కదా, ఏమీ కాలేదు. పోనీ చూసి కొట్టుకుందామంటే చివరి రెండంకెలు మసక.

"ఇది నాకోసం కట్టింది కాదన్నమాట" అంది. పేజీలు పెట్టే వృత్తిలో ఇన్నేళ్లున్నా ఇంత సూటి విమర్శ నేను విన్లేదు. అయితే అది అటు తిప్పి చూడాల్సిన మాట. ఆ సైటు కట్టింది అచ్చంగా అత్తయ్య కోసమే. శాలువాలు ఆవిడవి, తామరపువ్వు ఆవిడ ముచ్చట. తలుపు తట్టి వచ్చినవాళ్లకే అందులో ఏమీ లేదు.

క్యాలెండరు కాగితాలు

రంగులు, డిజైన్లు పక్కన పెట్టి ఒక పని చెప్పాను. రెండు వారాలపాటు ఫోన్ చేసినవాళ్లు ఏం అడిగారో రాసిపెట్టమని. చింపేసిన క్యాలెండరు కాగితాల వెనకవైపు పెన్సిలుతో రాసింది. పాపకి ఏడేళ్లు, ఇప్పుడే మొదలెట్టొచ్చా? వీణ ముందే కొనాలా? ఎక్కడ కొనాలి? ఆన్‌లైన్లో నిజంగా వస్తుందా? మా ఊరి టైముకి ఎన్నింటికి? నెలకెంత? పెద్దవాళ్లకి నేర్పుతారా? ఒకాయన, 'నాకు అరవై రెండు, నవ్వకండి' అన్నాడట. సినిమా పాటలు చెప్తారా? ఎడమచేతివాటం పిల్లాడికి ఎలా?

అటూఇటూగా పాతిక ప్రశ్నలు. సన్మానాల గురించి ఒక్కరూ అడగలేదు. అత్తయ్య కాస్త చిన్నబుచ్చుకుంది.

మా కొత్త సైటంటే ఆ కాగితాలే. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచి, జవాబులు అత్తయ్య చెప్తుంటే రాసుకున్నాను. 'ఏడేళ్ల పాప మొదలెట్టొచ్చా' అన్నదానికి ఆవిడ జవాబు: "వయసు కాదురా, చెయ్యి చూడాలి. వీణ ఒళ్లో పెట్టుకుంటే ఎడంచెయ్యి మొదటి మెట్టు దాకా అందాలి. అందకపోతే ఆర్నెల్లాగి రమ్మను, ఈలోగా పాట నేర్పుతా." ఇది అలాగే పెట్టాం. వీణ ఎక్కడ కొనాలన్నదానికి బొబ్బిలి పక్కన గొల్లపల్లి సంగతి చెప్పింది. ఒకే పనస దుంగని తొలిచి ఏకాండి వీణలు చేసే కుటుంబాలు అక్కడున్నాయనీ, కొత్తవాళ్లు సొంతంగా బేరానికి దిగకుండా తెలిసినవాళ్లని వెంటబెట్టుకెళ్లాలనీ. తామరపువ్వు సైటులో ఇలాంటి వాక్యం ఒక్కటీ లేదు. ఈ రెండు జవాబులు చదివితే చాలు, ముప్ఫయ్యేళ్లు నేర్పిన మనిషని వేరే చెప్పక్కర్లేదు.

మొదటి తెర మీద నాలుగే సంగతులు: పేరు, ఏం నేర్పుతుంది, ఎక్కడ, నొక్కితే మోగే నంబరు. తెర మీద జనం చదవరు, ఏరుకుంటారు. వెబ్ వాడకం మీద పరిశోధించే జేకబ్ నీల్సన్ బృందం 1997లో జరిపిన పరీక్షలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన తడుముకుంటూ పోయారు. మాటా మాటా చదివినవాళ్లు 16 శాతం. అప్పటికి ఇంకా అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు. ఇప్పుడు ఆటోలో కూచుని, ఒంటిచేత్తో, ఎండలో చూసేవాడికి తామరపువ్వు విచ్చుకునేదాకా ఆగే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందంగా లేకపోయినా పనిచేసే సైటుకి నేను చూపించే ఉదాహరణ డొనాల్డ్ కనూత్‌ది. కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద తలకాయ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సైట్లో ఆయన పేజీ ఎప్పుడో తొంభైల్లో ఆగిపోయినట్టుంటుంది. మామూలు అక్షరాలు, లింకుల వరసలు. అయితే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ల సందేహాలన్నిటికీ అక్కడ జవాబుంది. 1990 జనవరి 1 నుంచి తనకి ఈమెయిల్ లేదనీ, ఎందుకు లేదో, పుస్తకంలో తప్పు దొరికితే ఎలా తెలియజెయ్యాలో అన్నీ చెప్తాడు. తప్పు పట్టినవాళ్లకి 2 డాలర్ల 56 సెంట్లు బహుమానం. 256 సెంట్లంటే, పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఒక డాలరట. ఈ ఒక్క చిలిపితనంతో మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది. శాలువా ఫొటోలు పాతిక పెట్టినా అంత తెలియదు.

ఎవరి వేళ్లు?

ఒక్క చోట అత్తయ్యకీ నాకూ గట్టిగానే వాదన జరిగింది. ఎప్పుడో సభలో వాయించిన నలభై నిమిషాల కచేరీ మొదటి పేజీలో ఉండాలని ఆవిడ పట్టు. బాగా వాయించింది కూడా. కానీ వచ్చే తల్లికి కావలసింది గురువు ఎంత బాగా వాయిస్తుందన్నది కాదు, ఏడాది తిరిగేసరికి తన పిల్ల ఏం వాయిస్తుందన్నది. చివరికి ఎనిమిది నెలలుగా నేర్చుకుంటున్న పాప సరళీ స్వరాలు మూడు కాలాల్లో వాయిస్తుంటే ఒక నిమిషం రికార్డు చేశాం. మూడో కాలంలో ఒకచోట వేలు జారుతుంది. వెనకనుంచి అత్తయ్య 'ఊఁ, మళ్లీ' అనడం వినబడుతుంది. అది కత్తిరించమంది. నేను ఉంచాను. ఆ 'ఊఁ' విని ఫోన్ చేసినవాళ్లు ఇద్దరున్నారు.

ఆ వీడియోలో పాప మొహం ఉండదు, వేళ్లూ మెట్లూ తప్ప. పాప పేరు లేదు, బడి పేరు లేదు. తల్లిదండ్రులు సరేనన్నా సరే, పిల్లల మొహాలు ఊరందరికీ తెరిచిపెట్టాల్సిన పనిలేదు. అత్తయ్య ఇంటి నంబరు కూడా పెట్టలేదు. వీధి పేరు, దగ్గర్లో గుడి, అంతవరకే. మనవాళ్లకి బయోడేటా అలవాటు పోలేదు. పుట్టినతేదీ, తండ్రి పేరు, కులం, శాశ్వత చిరునామా అన్నీ సైట్లో ఎక్కించేవాళ్లని చూశాను. బ్యాంకువాడు ఫోన్లో అడిగే రహస్య ప్రశ్నలన్నిటికీ జవాబులు ఊరుమ్మడి చేసినట్టే.

టైముల దగ్గర ఇంకో చిక్కు. పొద్దున్న ఆరున్నర క్లాసంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిది. అలాగే రాసిపెట్టాం. నవంబరు మొదటి ఆదివారం అమెరికావాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి అదే క్లాసు వాళ్లకి ఏడింటికి. మార్చి రెండో ఆదివారం మళ్లీ మామూలు. ఈ సంగతి రాయని ఏడాది సగంమంది పిల్లలు గంట ఆలస్యంగా తెర మీదికి వచ్చారట. ఇప్పుడు రెండు టైములూ పక్కపక్కనే ఉన్నాయి. డిజైనంటే రంగుల పొందిక అనుకునేవాళ్లకి ఈ చిన్న పట్టిక చూపిస్తుంటాను.

మేడా నేలమాళిగా

తెలుగులో సైటు పెట్టేవాళ్లకి ఇంగ్లిషు పాఠాలు అన్నీ పనికిరావు. మన అక్షరానికి మేడా ఉంది, నేలమాళిగా ఉంది. గుడి పైకెక్కుతుంది, వత్తు కిందికి దిగుతుంది. ఇంగ్లిషుకి సరిపోయిన ఎడం వరుసల మధ్య పెడితే పైవరుస 'రాష్ట్రం'లోని వత్తులు కిందివరుస 'శ్రీ' గుడి మీద కూచుంటాయి. అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఇంగ్లిషుకి చాలు, తెలుగుకి 1.8 దాకా వెళ్లాను, కళ్లు కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. లావు అక్షరాలు తలకట్టు దగ్గర పూడుకుపోతాయి కాబట్టి శీర్షికలకి తప్ప వాడలేదు. లేత బూడిదరంగు అక్షరాలు ఇప్పుడు ఫ్యాషను. చూడ్డానికి నాజూగ్గా ఉంటాయి, అరవై రెండేళ్లాయన చదవలేడు. మామూలు సైజు అక్షరానికీ వెనకరంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలే చెప్తున్నాయి.

ఫాంట్లకి కొదవలేదు. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మేము చదివే భాగానికి మండలి, శీర్షికకి రామభద్ర వాడాం. మూడో ఫాంటు జోలికి పోలేదు. పెళ్లి శుభలేఖ కాదుగా.

కరపత్రాన్ని బొమ్మగా ఎందుకు అంటించారో కూడా ఇక్కడే తెలిసింది. డీటీపీ సెంటర్లో కొట్టిన తెలుగు చాలావరకు యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకేలా తెలిసే సంకేతాల్లో ఉండదు. దాన్ని తెచ్చి సైట్లో వేస్తే పిచ్చిగీతల్లా వస్తుంది. మళ్లీ కొట్టే ఓపికలేక ఫొటో పెట్టేశాడు. ఫొటోలోని తెలుగుని వెతికేవాళ్లు సులువుగా పట్టుకోలేరు, ఫోన్ దాన్ని మామూలుగా పైకి చదవదు, వేలితో నొక్కితే మోగదు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకి చోటు దక్కింది. ఆ ఏడాది ఆగస్టులోనే టిమ్ బెర్నర్స్‌లీ తన వెబ్ సంగతి లోకానికి చాటాడు. అంటే యూనికోడ్ తెలుగూ వెబ్బూ ఈడువాళ్లే. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా మన అక్షరాలు బొమ్మల్లోనే బందీలు.

ఫొటోల సంగతి రెండు ముక్కల్లో. ఫోన్లో తీసిన ఒక్కో ఫొటో నాలుగు ఎంబీలుంది. తొమ్మిదీ కలిపి ముప్ఫయ్యారు. సైజు తగ్గిస్తే ఒక్కోటి రెండొందల కేబీలకి దిగింది, కంటికి తేడా తెలియలేదు. తొమ్మిదిలో రెండే ఉంచాం.

ఇక పేరు. ఈసారి డొమైన్ అత్తయ్య పేరు మీద, అత్తయ్య ఈమెయిలుతో, అత్తయ్య కార్డు మీదే కొన్నాం. 'డాట్ ఇన్' పేరు ఏడాదికి వెయ్యి రూపాయల అటూఇటూ. ఒకేసారి పదేళ్లకి కూడా కట్టుకోవచ్చు. కొనేముందు ఒక పరీక్ష పెట్టాను. ఆ పేరుని ఫోన్లో మా పిన్నికి చెప్పాలి, పిన్ని తప్పు లేకుండా రాసుకోవాలి. మొదటి రెండు పేర్లూ తప్పాయి. మన పేర్లతో అదే గొడవ. లక్ష్మిని ఇంగ్లిషులో ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు, కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్లున్నారు. మధ్యలో అడ్డగీత ఉంటే 'గీతా? ఏ గీత?' అంటారు. మూడోది నిలబడింది. పాత కరపత్రాలు నాలుగొందలు మిగిలాయి. ఆదివారం క్లాసుకొచ్చిన పిల్లలంతా నేలమీద కూచుని పాత చిరునామా కొట్టేసి కొత్తది రాశారు.

ఎనభై అయిదు శాతం జావా

ఈ హడావిడి తెలిసి మా వీధిలో ఇంజినీరింగు చివరేడాది కుర్రాళ్లు ఇద్దరు తమ సైట్లు పట్టుకొచ్చారు. కొలబద్దల్లాంటి గీతలు: జావా 85 శాతం, పైథాన్ 90 శాతం. "దేనిలో ఎనభై అయిదు బాబూ? మిగతా పదిహేను ఎవరి దగ్గరుంది?" అన్నాను. నవ్వేశారు. ఉద్యోగమిచ్చేవాడికి కావలసింది నువ్వు చేసిన ఒక పని. అందులో ఎక్కడ ఇరుక్కున్నావో, ఎలా బయటపడ్డావో. ఒకడు హాస్టల్ మెస్ లెక్కల కోసం చిన్న ప్రోగ్రాం రాశాడట, రెండొందల మంది వాడుతున్నారట. ఆ సంగతి సైట్లో ఎక్కడా లేదు! 'చిన్నది కదండీ' అన్నాడు. ఇద్దరి పరిచయ వాక్యాలూ ఒకే ఏఐ రాసిపెట్టినవి. ఇద్దరూ 'ఉత్సాహవంతులు', ఇద్దరికీ 'నిరంతరం నేర్చుకునే తపన'. పక్కపక్కన పెట్టి చూపిస్తే వాళ్లే సిగ్గుపడ్డారు.

కవులదీ కథకులదీ కూడా ఇదే గొడవ. వాళ్ల సైట్లకి వచ్చే పాఠకుడు కథల పట్టిక అడుగుతాడు, ఏది ఎప్పుడు ఎక్కడ అచ్చయిందో కావాలంటాడు. చాలామంది దగ్గర అది లేదు. అన్నీ ఫేస్‌బుక్ గోడ మీద, నాలుగేళ్ల కిందటి సంక్రాంతి ఫొటోల వెనక ఎక్కడో. 2005 తర్వాత కొన్నేళ్లు తెలుగువాళ్లు లేఖిని అనే సైట్లో టైపు చేసి, సొంత బ్లాగుల్లో రాసి, బ్లాగులన్నిటినీ ఒకచోట చేర్చే కూడలిలో ఒకరినొకరు చదువుకున్నారు. ఆ రాతల్లో చాలావాటికి ఇవాళ కూడా విడివిడిగా చిరునామాలున్నాయి. తర్వాత గోడలకి అలవాటుపడ్డాం. గోడలు మనవి కావు. సొంత పేజీల కోసం 1994లో పుట్టిన జియోసిటీస్‌ని యాహూ 1999లో కొని 2009లో మూసేసింది. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో పోయాయి. ముందే చెప్పి మూశారు, సరే. చెప్పిన కబురు అందక అన్నీ పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. అలాగని ఫేస్‌బుక్ మానేయమనను, అత్తయ్యే మానలేదు. రాసిన ప్రతి మంచి ముక్క ఒక నకలు సొంత చిరునామాలో పడేస్తే చాలు.

పలక

అత్తయ్య ఇంటి గేటుకి ఎప్పట్నుంచో ఒక పలక వేలాడుతుంటుంది. 'ఈ రోజు క్లాసు లేదు', 'శనివారం గంట ముందు రండి'. సుద్దముక్క మీటర్ పెట్టె మీద ఉంటుంది. డెరెక్ సివర్స్ అనే ఆయన 2015లో సొంత సైట్లో 'ఇప్పుడు' అని ఒక పేజీ పెట్టాడు, ఈ మధ్య తను ఏం చేస్తున్నాడో రెండు మాటల్లో చెప్పడానికి. అది చూసి ఎంతోమంది పెట్టుకున్నారు. అత్తయ్యకి చెబితే, "మన పలకే కదరా" అంది. అందుకని సైట్లో పైన ఒక్క వరుస వదిలాం, తేదీతో సహా. ఫోన్లోంచి ఆవిడే మారుస్తుంది. 'ధనుర్మాసం, పొద్దున్న క్లాసులు ఏడున్నరకి.' 'తంత్రులు తెప్పించాను, కావలసినవాళ్లు చెప్పండి.'

మొన్న ఊరెళితే పలక మీద 'క్లాసు లేదు' అనుంది. సైట్లో ఏమీ లేదు. డాలస్ పాప రాత్రి ఎనిమిదింటికి వీణ ఒళ్లో పెట్టుకుని కూచుందట.

"ఇక్కడ రాశాను, అందులో మర్చిపోయాను" అంటూ ఫోన్ తీసి గేటు దగ్గరికి నడిచింది అత్తయ్య. "ఈ పలకనే ఫొటో తీసి పెట్టేస్తే పోలా?"

నేనేమీ అనకముందే తనే ఆగింది. "బొమ్మలో అక్షరాలొద్దన్నావు కదూ" అని, గేటుకి ఆనుకుని నిలబడి ఒక్కో అక్షరమే కొట్టడం మొదలెట్టింది.